లుక్ తప్పింది

పోయిన ఎండకాలం మేం తీసిన షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్‌కు కూసున్న రాత్రి సంగతి ముందుగాల చెప్పాలె, ఎందుకంటే సినిమా సెట్ మీద వాడే మాటల గురించి రాస్తున్న ఈ పోస్ట్ అక్కడి నుంచే పుట్టింది. హన్మకొండల నయీంనగర్ దిక్కు మా దోస్తు రూమ్‌ల కంప్యూటర్ ముంగట నలుగురం కూసున్నం. సీన్ ఏందంటే పట్నం పొయ్యే కొడుకు, మంచం మీద కూసున్న తండ్రి, ఇద్దరు ఎదురెదురుగ మాట్లాడుకుంటరు, అంతే, రెండు నిమిషాల సీన్. తండ్రి వేషం మా పెద్దబాపు ఏసిండు, పరకాల దగ్గర మా ఊర్ల ఆయన ఇంట్లనే తీసినం. తండ్రి షాట్ పెట్టినం, మంచిగుంది. కొడుకు షాట్ పెట్టినం, అది గూడ మంచిగనే ఉంది. రెండు పక్కపక్కన పెట్టి ప్లే కొడితే ఇద్దరు ఒకరితోని ఒకరు మాట్లాడుతున్నట్టు లేనే లేదు, ఇద్దరు కలిసి అవుతల ఇంకెవలితోనో మాట్లాడుతున్నట్టుంది. ఇద్దరి మొకాలు కుడి దిక్కే ఉన్నయి. పెద్దబాపు అంత బాధతోని చెప్పిన డైలాగు గాలికి చెప్పినట్టయింది. రూమ్‌ల ఎవ్వలం మాట్లాడలే.

సెట్ మీద దీన్ని ఒక్క మాటల చెప్తరు, "లుక్ తప్పింది" అని. లుక్ అంటే ఇక్కడ గెటప్ కాదు, ఆర్టిస్టు చూపు ఏ దిక్కు పోతుంది అనేది. ఇద్దరు మాట్లాడుకుంటున్నరంటే ఒకరి ముక్కు నుంచి ఇంకొకరి ముక్కు దాక తాడు గట్టినట్టు అనుకోండ్రి, ఆ తాడే లైన్. కెమెరా ఆ తాడుకు ఒక్క దిక్కే ఉండాలె, ఆ దిక్కు సగం చక్రం మొత్తం మనదే, 180 డిగ్రీలు, ఎక్కడన్న పెట్టుకో, దగ్గరికి పో, దూరం పో, కింద కూసో, కానీ తాడు దాటొద్దు. దాటినవంటే ఎడమకు చూసే మనిషి కుడికి చూస్తున్నట్టు పడతడు. ఊర్ల కబడ్డీ చూసినప్పుడు యాది చేసుకోండ్రి, మనం ఒక పక్క కూసుంటే మనోడు కూతకు కుడికి పోతడు, లేసి అవుతలి పక్కకు పోయి కూసుంటే అదే మనిషి ఎడమకు పోతడు. ఆటల మనం నడుసుకుంట పోయినం కాబట్టి మనకు తెలుస్తది, సినిమాల చూసెటోడు కుర్చీల నుంచి లేవలే, వాన్ని లేపి అవుతల కూసోబెట్టింది మనం, అందుకే వాని తల తిరుగుతది.

మేం ఎట్ల దాటినమంటే, పొద్దుగాల తండ్రి షాట్లు తీసినం, మధ్యాహ్నానికి కిటికీ దిక్కు నుంచి వెల్తురు మంచిగ పడుతుందని కెమెరా ఎత్తుకపోయి మంచం అవుతల పెట్టి కొడుకు షాట్లు తీసినం. వెల్తురు చూసినం కానీ లైన్ చూసుకోలే. నాకు తెల్వక గాదు, హైదరాబాద్‌ల రెండేండ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గ చేసి వచ్చిన మనిషిని, ఆ రోజు మాట మనసుల ఉంది, నోట్లకు రాలే. పెద్ద సెట్ల మీద షాట్ పెట్టంగనే ఎవలో ఒకలు "కెమెరా రైట్ లుక్" అని పైకి అంటరు, అనుడు వల్ల పక్కోడు ఇంటడు, తప్పుంటే చెప్తడు. మేం నలుగురమే ఉన్నం కదా అని అనలే. ఇంకొక్కటి, కెమెరా రైట్ అంటే కెమెరా ఎనుక నిలబడ్డోని కుడి చెయ్యి, ఆర్టిస్టు కుడి చెయ్యి కాదు, ఆయనకు అది ఎడమ అయితది. కొత్తోళ్లకు చెప్పేటప్పుడు "కిటికీ దిక్కు చూడు పెద్దబాపు" అని చెప్పుడే మంచిది.

ఇదంత ఎందుకు రాస్తున్నంటే, నర్సంపేటల డిగ్రీ చదివే మా చిన్నమ్మ కొడుకు మొన్న అడిగిండు, అన్నా, సెట్ మీద మాట్లాడే మాటలు జర రాసియ్యవా, నాకు యాక్షన్, కట్ తప్ప ఏం తెల్వదు, ఎవలన్న తీస్తున్న కాడికి పోతే వాళ్లు మాట్లాడేది అర్థం కాక పక్కకు నిలబడుతున్న అని. పక్కకు నిలబడుతున్న అన్న మాట నాకు గట్టిగ తాకింది. నేను గూడ అట్లనే నిలబడ్డ. హైదరాబాద్‌ల నా మొదటి రోజు, కెమెరా అసిస్టెంట్ "నెక్స్ట్ సజెషన్" అని కేకేసిండు, అందరు ఉరికిన్రు, నేను ఒక్కన్నే ఆడ నిలబడ్డ, సజెషన్ అంటే సలహా కదా, ఎవలు ఎవలికి ఇయ్యాలె అని. అప్పుడు ఒక పెద్ద లైట్‌మెన్, యాభై దాటినయి ఆయనకు, ఇంగ్లీష్ సదువుడు రాదు, నా భుజం పట్టి నన్ను తన ముంగట నిలబెట్టి, ఇగో నీ భుజం మీదికెళ్లి ఆమె మొకం కనబడాలె, నీ చెవు జర, భుజం జర అంచుకు ఉండాలె, నువ్వున్నవని సూచన అన్నట్టు, గదే సజెషన్ అన్నడు. పుస్తకాలల్ల దాన్ని ఓవర్ ది షోల్డర్ అంటరు. మన దిక్కు సెట్ల మీద సజెషనే. అప్పటి నుంచి నాకు ఒకటి గట్టిగ అనిపిస్తది, ఈ మాటలు ఇంగ్లీష్ మీడియం వాళ్ల సొత్తు గాదు, పని చేసెటోళ్ల సొత్తు. ప్రతి మాట ఎనుక ఎవలో ఒకలు చెయ్యాల్సిన పని ఉంటది. ఆ పని ఏందో తెలిస్తే మాట అదే గుర్తుంటది.

షాట్ల సైజులు ముందు చెప్త. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌ల పొయ్యిన్రనుకో, గేటు కాడ నిలబడి చూస్తే ఎర్రటి బస్తాలు కనుసూపు మేర, మనుషులు చీమల లెక్క, అది వైడ్. అంటే ఎక్కడున్నమో చెప్పే షాట్, సీన్ మొదట్ల జాగ చూపెట్టేదాన్ని ఎస్టాబ్లిషింగ్ షాట్ అని గూడ అంటరు. దగ్గరికి పోతే బస్తా పక్కన నిలబడ్డ రైతు తల నుంచి నడుము దాక కనబడతడు, అది మిడ్, చేతులు ఆడుతయి కాబట్టి మాటలకు మంచిగుంటది. ఇంక దగ్గరికి పోతే మొకం, క్లోజ్. ధర చెప్పినప్పుడు ఆయన కండ్లు మాత్రమే పడితే టైట్ క్లోజ్. మొకం గాకుండ ఆయన గుప్పిట్ల పట్టుకున్న తక్‌పట్టీ, అంటే అమ్మిన సరుకు లెక్క రాసిచ్చే కాయితం ఒక్కటే తీస్తే అది ఇన్‌సర్ట్. ఆయన ఆ కాయితాన్ని చూస్తున్నట్టు, ఆయన కండ్లతోనే మనం చూస్తున్నట్టు తీస్తే పీఓవీ, అంటే పాయింట్ ఆఫ్ వ్యూ. ఏది ఎప్పుడు అనేది రూల్ పుస్తకంల ఉండది, నేనైతే ఆ రైతు కాడ క్లోజ్‌కు తొందరపడను, ధర చెప్పిందాక మిడ్‌ల ఉంచి చెప్పినంకనే మొకం దగ్గరికి పోత. క్లోజ్ ముందే వాడుకుంటే అసలు అవసరం పడ్డప్పుడు చేతుల ఏం మిగలదు.

మాస్టర్ అంటే వేరే. సీన్ మొత్తం మొదటి నుంచి ఆఖరి దాక, అందరు ఫ్రేమ్‌ల, అంటే కెమెరాకు కనబడే చట్రంల, ఉండేటట్టు ఒకే షాట్ తీసిపెట్టుకునుడు. తర్వాత దగ్గరికి పోయి ముక్కలు ముక్కలుగ తీస్తరు. చిన్న సినిమాలు తీసే పోరగాళ్లకు నేను గట్టిగ చెప్పేది ఇదే, టైమ్ లేకున్న మాస్టర్ తియ్యండ్రి, ముక్కల్ల ఏదన్న చెడిపోతే మాస్టర్ల పడి బతుకుతరు. మేం ఆ మంచం సీన్‌కు మాస్టర్ తియ్యలే.

ఇగ ఫ్రేమ్‌ల మనిషిని ఎక్కడ పెడుతమనేది. తల మీద వదిలే జాగ హెడ్‌రూమ్, ఎక్కువైతే మనిషి మునిగిపోతున్నట్టుంటది, తక్కువైతే తల తెగినట్టుంటది. చూపు పొయ్యే దిక్కు వదిలే జాగ లుక్ రూమ్, ఎడమకు చూసే మనిషిని ఎడమ అంచుకు ఒత్తిపెడితే గోడకు మొకం పెట్టినట్టు ఊపిరాడది. కావాలని అట్ల పెట్టుడు వేరే, తెల్వక పెట్టుడు వేరే, చూసెటోనికి రెండు తెలుస్తయి.

క్లాప్ గురించి చాన మందికి ఉన్న అనుమానం ఏందంటే అది శుభం కోసం కొడతరని. ముహూర్తం నాడు కొట్టేది శుభానికే, దేవుని పటం మీద మొదటి షాట్ తీస్తరు, కొబ్బరికాయ కొడతరు. కానీ రోజూ ప్రతి షాట్‌కు కొట్టేది సింక్ కోసం. బొమ్మ కెమెరాల, సౌండ్ వేరే రికార్డర్ల పడుతుంటది. ఎడిటింగ్‌ల రెండు కలపాలంటే ఒక గుర్తు గావాలె. చెక్క మీద చెక్క పడ్డ ఫ్రేమ్ (ఇక్కడ ఫ్రేమ్ అంటే వీడియోల ఒక్క బొమ్మ), టక్ అన్న సౌండ్, రెండిటిని ఒక కాడ పెడితే ఇంక పెదవులు, మాట కలుస్తయి. సెకండుకు 24 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకండ్లు, రెండు మూడు ఫ్రేములు అటు ఇటు అయితే చూసెటోనికి ఏదో తేడా అనిపిస్తది, ఏందో చెప్పలేడు. ఆ పలక మీద సీన్ నంబరు, షాట్ నంబరు, టేక్ నంబరు రాస్తరు, సీన్ అంటే ఒక జాగల ఒక టైమ్‌ల జరిగేది, షాట్ అంటే కెమెరా ఒక్కసారి పెట్టి తీసింది, టేక్ అంటే అదే షాట్ ఎన్నోసారి తీస్తున్నమో. సౌండ్ లేకుండ తీస్తే మ్యూట్, అప్పుడు క్లాప్ కొట్టరు, పలకల నడుమ వేలు పెట్టి చూపెడతరు, ఎడిటర్ దాన్ని చూసి సౌండ్ ఎతుకుడు మానేస్తడు. మొదట్ల క్లాప్ పెట్టుడు కుదరకపోతే, పసిపిల్లల షాటో, పశువుల షాటో అయితే, ఆఖరికి పలకను తలకిందులు పట్టి కొడతరు, అది ఎండ్ క్లాప్. మీ కాడ పలక లేకుంటే చప్పట్లు కొట్టినా సరే, కానీ చేతులు ఫ్రేమ్‌ల కనబడాలె, నోటితోని సీన్, షాట్, టేక్ చెప్పాలె.

ఆ 24 అనేది గూడ టాకీలు వచ్చినంకనే స్థిరపడ్డది. మూకీల కాలంల చెయ్యితోని తిప్పే కెమెరాలు, ఒక్కొక్కలు ఒక్కో స్పీడుల తిప్పేది. బొమ్మ పక్కన సౌండ్ ముద్ర పడుడు మొదలైనంక స్పీడు మారితే గొంతు మారుతది కదా, అందుకే 1920ల ఆఖర్ల 24 కాడ ఖాయం చేసిన్రు. కరీంనగర్ల పుట్టిన పైడి జైరాజ్ గారు మూకీల కాలంలనే బొంబాయి పోయి హీరో అయిండు, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది ఆయనకు, మన దిక్కు పోరగాళ్లల్ల ఆయన పేరు తెలిసినోళ్లు తక్కువ, అందుకే రాస్తున్న. ఇంక ఫిల్మ్ రీలు రోజులల్ల ఒక టేక్ చెడిపోతే ఏమయ్యేదో లెక్క చూడండ్రి, 35 ఎంఎం రీలుల అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు ఉరుకుతది, 400 అడుగుల డబ్బా నాలుగున్నర నిమిషాలకు అయిపోతది. అందుకే రిహార్సల్ చేసి చేసి, మార్కులు పెట్టుకొని, అప్పుడు "స్టార్ట్ కెమెరా" అనెటోళ్లు. ఇప్పుడు కార్డుల ఎంతన్న పడుతది, కానీ ఆ క్రమశిక్షణ పోవద్దని నా కోరిక. సైలెన్స్, రోల్ సౌండ్, రోల్ కెమెరా, క్లాప్, యాక్షన్, ఈ వరుస ఎందుకంటే ఒక్కొక్కలు నేను రెడీ అని పైకి చెప్పుడు. యాక్షన్ అన్నంక ఎవలన్న ఆగుండ్రి ఆగుండ్రి అంటే ఆర్టిస్టు మూడ్ పాయె. ఓకే అంటే టేక్ పనికొస్తది, ఎన్‌జీ అంటే పనికిరాదు, ఓకే అయినంక గూడ వన్ మోర్ అంటే భద్రం కోసం ఇంకొక్కటి.

మార్కు అన్న గదా, నేల మీద అంటించే టేపు ముక్క అది, ఆర్టిస్టు వచ్చి ఆడనే ఆగాలె. ఎందుకంటే ఫోకస్ పుల్లర్ అని ఒకలు ఉంటరు, కెమెరా నుంచి ఆర్టిస్టు కండ్ల దాక టేపుతోని కొలిచి పెట్టుకుంటరు, ఆర్టిస్టు నడుస్తుంటే ఆ కొలత ప్రకారం లెన్స్ తిప్పుకుంట పోతరు. ఎనుక అంత మసక, మొకం ఒక్కటే క్లియర్‌గ ఉండే షాట్లల్ల ఒక జానెడు ముందుకు ఆగినా కన్ను మసక అయితది. మొత్తం సినిమాల ఎవ్వలు గుర్తు పెట్టుకోని పని ఇది, తప్పితేనే కనబడతది. నాకు ఆ మనుషుల మీద మస్తు గౌరవం.

లైట్ల కాడికి వస్తే మూడు మాటలు చాలు మొదలుపెట్టనీకి. కీ లైట్ అంటే అసలు లైటు, మొకాన్ని చూపెట్టేది. దానివల్ల అవుతలి చెంప మీద పడే నీడను జర పలుచన చేసేది ఫిల్. ఎనుక నుంచి జుట్టు మీద, భుజం మీద గీత లెక్క పడి మనిషిని గోడ నుంచి ఇడగొట్టేది బ్యాక్ లైట్. ఫిల్‌కు లైటే ఉండాలని లేదు, మన సెట్ల మీద తెల్ల థర్మకోల్ షీటే ఫిల్, ఎండను పట్టి మొకం మీదికి కొడతరు, "థర్మకోల్ కొట్టు" అంటే అది. నల్లబట్ట గట్టిన కట్టర్ వద్దన్న కాడ వెల్తురు ఆపుతది, స్కిమ్మర్ అంటే పెద్ద చట్రానికి పలుచటి తెల్లబట్ట గట్టింది, కడక్ ఎండను మెత్తగ చేస్తది. బేబీ పట్కరా అంటే పిల్ల గాదు, 1000 వాట్ల చిన్న లైటు. ఎత్తు చాలకుంటే కాళ్ల కింద పెట్టే చెక్క డబ్బా యాపిల్ బాక్స్.

మా పెద్దబాపు ఇంట్ల ఏం జరిగిందంటే కిటికీల నుంచి పగటి వెల్తురు, లోపల పసుపు బల్బు, రెండు కలిసినయి. వెల్తురు రంగును కెల్విన్‌ల కొలుస్తరు, పగటి వెల్తురు సుమారు 5600 కెల్విన్, నీలం దిక్కు ఉంటది, పాత పసుపు బల్బు 3200 కంటే గూడ కిందనే, ఎర్ర దిక్కు. మన కన్ను సర్దుకుంటది, కెమెరా సర్దుకోది, దానికి తెలుపు ఏదో మనమే చెప్పాలె, అదే వైట్ బ్యాలెన్స్. కిటికీకి సరిచేస్తే పెద్దబాపు ఒక చెంప పసుపు, బల్బుకు సరిచేస్తే కిటికీ నీలం. కానీ చూస్తే ఆ ఇంటికి అదే సరిపోయింది, పొయ్యి పొగకు నల్లబడ్డ గోడ మీద పసుపు వెల్తురు, వాకిలి దిక్కు చల్లటి నీలం, ఎళ్లిపొయ్యే కొడుకు వాకిలి దిక్కు, ఉండిపొయ్యే తండ్రి బల్బు దిక్కు. తర్వాత కలర్ సరిచేసే డీఐల మా దోస్తు అంత ఒకటే రంగు చేస్త అన్నడు, నేను చెయ్యనియ్యలే.

ఫోన్‌తోని తీసేటోళ్లు ట్యూబ్ లైట్ కింద తీస్తే బొమ్మ మీద గీతలు పారుతుంటయి కదా, దాన్ని ఫ్లికర్ అంటరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకండుకు 50 సార్లు అటొకసారి ఇటొకసారి ఊగుతది, అందుకే పాత చోకు ట్యూబ్ లైటు సెకండుకు 100 సార్లు పెరుగుతది తగ్గుతది. షటర్ స్పీడు, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెల్తురు పట్టే టైమ్, సెకండుల 50ల ఒక వంతో 100ల ఒక వంతో పెడితే లెక్క కుదురుతది, 60 పెడితే కుదరది. పెండ్లిళ్ల వీడియోలు తీసే మన అన్నలకు ఇది కండ్లు మూసుకున్న తెలుస్తది, వాళ్లను అడగనీకి సిగ్గుపడొద్దు, సినిమా వాళ్లకంటె ఎక్కువ గంటలు కెమెరా పట్టిన చేతులు అవి.

మ్యాజిక్ అవర్ అనే మాట అందరికి ఇష్టం, పొద్దు గుంకినంక మొగులు ఇంక ఎలుగుతుంటది, నీడలుండయి, మొకాలు మెత్తగుంటయి. పేరు అవర్ కానీ మన దిక్కు గంట ఉండది. భూమధ్యరేఖకు దగ్గర ఉన్న జాగలల్ల సూర్యుడు నిటారుగ దిగిపోతడు, మనకు ఇరవై, ఇరవైఐదు నిమిషాలు మిగిలితే ఎక్కువ. భద్రకాళి చెరువు కట్ట మీద ఒక షాట్ కోసం మూడు రోజులు పోయినం, మొదటి రోజు ట్రైపాడ్ సరిచేసుకునే లోపల చీకటి పడ్డది. మూడో రోజు నాలుగు గంటలకే పోయి అన్ని పెట్టుకొని, రిహార్సల్ చేసి, ఊకె కూసున్నం. అప్పుడు దొరికింది.

జాగ చూసుకొని వచ్చుడును రెక్కీ అంటరు, మిలటరీ వాళ్ల మాట అది. చాన మంది రెక్కీ అంటే పోయి ఫోటోలు దిగుడు అనుకుంటరు. ఏ టైమ్‌కు ఎండ ఏ దిక్కు నుంచి వస్తది, కరెంటు ఎక్కడిది, పక్కన బోరు మోటరు ఎప్పుడేస్తరు, బండి ఎక్కడ ఆపాలె, ఆడోళ్లకు బట్టలు మార్చుకునే జాగ ఉందా, ఇవి చూసేది రెక్కీ. కాజీపేటల పట్టాల దగ్గర ఇల్లు తీసుకుంటే రైళ్ల టైములు రాసుకోవాలె. ఖిలా వరంగల్ తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప, ఇవన్ని కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నయి, ముందుగాల అప్లై చేసి, ఫీజు గట్టి పర్మిషన్ తెచ్చుకోవాలె. రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇంక జాగ్రత్తగ ఉండాలె, దొంగతనంగ ఒక షాట్ అని పోవద్దు తమ్మి.

సౌండ్‌ల ఒక్క మాట మాత్రం తప్పకుండ నేర్చుకోండ్రి, యాంబియెన్స్. సీన్ అయిపోయినంక అందర్ని కదలకుండ నిలబెట్టి ఆ జాగ నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకునుడు. ప్రతి ఇంటి నిశ్శబ్దం వేరే, పెద్దబాపు ఇంట్ల ఫ్యాన్ కిర్రు, దూరంల బర్రె గంట, పక్కింటి రేడియో ఉండీ లేనట్టు. డైలాగుల నడుమ కత్తిరిస్తే అక్కడ పూర్తి మౌనం పడుతది, అది చెవుకు గుంత లెక్క తెలుస్తది, ఈ యాంబియెన్స్ పోసి ఆ గుంత పూడుస్తరు. అక్కడే పడ్డ గొంతు వాడుకుంటే సింక్ సౌండ్, తర్వాత స్టూడియోల చెప్పించుకుంటే డబ్బింగ్, డబ్బింగ్‌కు ఆనవాలు కోసం సెట్ల రికార్డు చేసేది పైలట్. అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు తర్వాత స్టూడియోల బొమ్మ చూసుకుంట చేసేది ఫోలీ, హాలీవుడ్‌ల జాక్ ఫోలీ అనే ఆయన పేరు మీదికెళ్లి వచ్చింది. ఆర్ఆర్ అంటే రీరికార్డింగ్, మన దిక్కు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌నే అట్ల అంటరు.

ఇగ ఆ లుక్ తప్పిన సీన్ సంగతి. మూడు వారాల తర్వాత పాచ్‌వర్క్ చేసుకుందమని మళ్ల ఊరికి పోయినం. పాచ్‌వర్క్ అంటే చిరిగిన కాడ అతుకు, మిగిలిపోయిన, చెడిపోయిన షాట్లు మాత్రం మళ్ల తీసుకునుడు. పోయి చూస్తే పెద్దబాపు మీసం తీసేసిండు. మళ్ల అవసరముంటది అని ఆయనకు మేం చెప్పలే, ఆయన తప్పేం లేదు. దీన్నే కంటిన్యుటీ అంటరు, ముందు షాట్ల ఏది ఎట్లుందో తర్వాతి షాట్ల అట్లనే ఉండుడు. సినిమా వరుసగ తియ్యరు కాబట్టి సీన్ల చాయ గ్లాసు ఎంత నిండుంది, అంగీ పై గుండి పెట్టుందా లేదా, గడియారంల ఎంతయింది, అన్ని అసిస్టెంట్ డైరెక్టర్లు ఫోటోలు తీసి రాసుకుంటరు. నేను రెండేండ్లు చేసిన పని అదే.

మొకం తియ్యలేం, మాస్టర్ లేదు. పెద్దబాపే అన్నడు, మొకం వద్దయితే నా చేతులు తియ్యరాదురా అని. ఆయన చేతులు చూసిన. ఎడమ బొటనవేలు గోరు సగం నల్లగ ఉంది, ఎప్పుడో నాగలి కాడ దెబ్బ తాకిందట, మంచం నులకను ఆ వేలుతోని ఒత్తుకుంట కూసున్నడు, ఒత్తుతుండు ఇడుస్తుండు. అదే తీసినం, మంచం తలాపు దిక్కు నుంచి, ఏ లుక్కూ లేకుండ, చేతులు, నులక అంతే. లైన్ మీద నిలబడి తీసే ఇట్లాంటి న్యూట్రల్ షాటో, వేరే దిక్కు చూపెట్టే ఇన్‌సర్టో నడుమ పడితే చూసెటోని కన్ను ఒక్క క్షణం దిక్కు మర్చిపోతది, ఆ తర్వాత లైన్ దాటినా అంత తెల్వది. తండ్రి మాట, చేతులు, కొడుకు మొకం, చేతులు, ఇట్ల అల్లినం. తండ్రి గొంతు చేతుల మీదికి గూడ నడిచేటట్టు పెట్టినం, బొమ్మ మారినా పాత మాట ఇంక ఇనబడుడు ఎల్ కట్, బొమ్మ రాకముందే దాని సౌండ్ ముందుగాల వచ్చుడు జె కట్, ఎడిటింగ్‌ల బొమ్మ, సౌండ్ ముక్కలు పరిచే టైమ్‌లైన్ మీద ఆ అక్షరాల ఆకారంల కనబడతయి కాబట్టి ఆ పేర్లు.

వందేండ్ల కింద సోవియట్‌ల లెవ్ కులెషోవ్ అనే డైరెక్టర్ ఒక నటుని ఏ భావం లేని మొకాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన పెట్టి చూపెట్టిండట, అదే మొకంల జనం ఆకలి చూసిన్రు, దుఃఖం చూసిన్రు. కులెషోవ్ ఎఫెక్ట్ అంటరు. సదువుకున్నప్పుడు అదొక పాఠం లెక్క తెలుసు నాకు, నల్లగోరు వేలు పక్కన మా కొడుకు పాత్ర పోరగాని మామూలు మొకం పడ్డప్పుడు, వాడు ఏడుపు ఆపుకుంటున్నట్టు కనబడ్డది. వాడు ఆ రోజు ఎండకు కండ్లు చిట్లించిండు అంతే. రూమ్‌ల మళ్ల నలుగురం ఏం మాట్లాడలే, కానీ ఈసారి వేరే తీరు.

ఇంక జంప్ కట్ అంటే ఒకే కోణంల ఒకే సైజుల రెండు ముక్కలు అతికితే మనిషి ఎగిరినట్టు పడుడు, కెమెరా కనీసం 30 డిగ్రీలన్న జరిపితే ఆ ఎగురుడు కనబడది, మాంటేజ్ అంటే చిన్న చిన్న ముక్కలతోని ఎక్కువ కాలాన్ని జల్ది చెప్పుడు. కాల్‌షీట్ అంటే ఎవలు ఎన్ని గంటలకు రావాలె, ఏం తీస్తరు అని రాసిన కాయితం, ఆర్టిస్టు ఇచ్చిన డేట్లను గూడ అట్లనే అంటరు. బాటా అంటే రోజు ఖర్చుల పైసలు, మీ చిన్న సినిమాకైనా పని చేసినోళ్లకు పూట తిండి, బస్ చార్జీలన్న ఇయ్యుండ్రి. ఆ రోజు పని అయిపోతే ప్యాకప్, మొత్తం సినిమా అయిపోతే గుమ్మడికాయ కొట్టుడు.

నిన్న పొద్దుగాల చిన్నమ్మ కొడుకు ఫోటో పంపిండు. వాళ్ల వాకిట్ల రెండు కుర్చీలు ఎదురెదురుగ ఏసి, రెండిటి నడుమ సుద్దముక్కతోని గీత గీసిండు, చిన్నమ్మ ఏసిన ముగ్గును తుడవకుండ పక్క నుంచి తిప్పుకొచ్చిండు గీతను. ట్రైపాడ్ గీతకు ఇవుతల ఉంది. అన్నా, ఇక్కడి నుంచి దాటను, సజెషన్ ముందు తీయాల్నా మాస్టర్ ముందా అని అడిగిండు. మాస్టర్ ముందు అని చెప్పిన. ఫోటో పెద్దగ చేసి చూస్తే అరుగు మీది ట్యూబ్ లైట్ ఎలుగుతుంది, అది బంద్ చెయ్యి, బంద్ చెయ్యకుంటే షటర్ 50 మీద పెట్టు అని ఇంకో మెసేజ్ పెట్టిన.